మార్టిన్ గెర్ సినిమాని రెండుసార్లు ఎలా చూడాలి

1982లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా ఒకటుంది, "ద రిటర్న్ ఆఫ్ మార్టిన్ గెర్" అని. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఎంతమందిని చూడమని బతిమాలానో అంతకన్నా లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ జరిగేది ఒకటే, సగం మంది మొదటి ఇరవై నిమిషాలకే ఎవరెవరో తెలియట్లేదని ఆపేస్తారు, మిగతా సగం మంది చివరిదాకా చూసి "ట్విస్ట్ అదిరింది" అని మెసేజ్ పెట్టి ఊరుకుంటారు. రెండిటికీ నా ప్రాణం ఉసూరుమంటుంది. ఇంత మంచి సినిమా చేతిదాకా వచ్చి జారిపోతుందే అని. అందుకే ఇది రాస్తున్నా, ముందు ఏం తెలుసుకోవాలి, మొదటిసారి ఎలా చూడాలి, రెండోసారి ఎవరిని చూడాలి, నలుగురితో చూస్తే ఎక్కడ ఆపాలి, అన్నీ.

కథ ఒక్క ముక్కలో చెప్తా, ఇది తెలిసినా నష్టం లేదు. పదహారో శతాబ్దం, దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక పల్లె. భార్యనీ పసిబిడ్డనీ వదిలేసి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన రైతు ఎనిమిదేళ్ళకి తిరిగొస్తాడు. ఊరు ఊరంతా గుర్తుపట్టి ఇంట్లోకి తీసుకుంటుంది. కొన్నేళ్ళు బాగానే గడుస్తాయి. తర్వాత "వీడు వాడు కాదు" అని గొడవ లేస్తుంది, కోర్టుకెక్కుతుంది. ఇది కల్పన కాదు, నిజంగా జరిగింది, ఆ కేసు విన్న జడ్జిల్లో ఒకాయన స్వయంగా పుస్తకం రాసిపెట్టాడు, అది 1561లో అచ్చయింది.

ముందుగా సరైన సినిమా పట్టుకోండి

వెతికేటప్పుడు డైరెక్టర్ పేరు దానియేల్ విన్యె అని ఉందో లేదో చూసుకోండి. హీరో జెరార్ దెపార్ద్యూ, హీరోయిన్ నాతలీ బాయ్. 1993లో ఇదే కథని అమెరికాకి మార్చి, అక్కడి అంతర్యుద్ధం అయిపోయిన రోజుల్లో పెట్టి "సోమర్స్‌బీ" అని తీశారు, రిచర్డ్ గేర్, జోడీ ఫోస్టర్ చేశారు. దాన్ని ముందు చూడొద్దు, అది లవ్ స్టోరీ వైపు బాగా ఒరిగిపోయింది, అది చూసి ఇది చూస్తే ఇదేంటి ఇంత నిదానంగా ఉంది అనిపిస్తుంది. ఫ్రెంచ్ మాటలు, కింద సబ్‌టైటిల్స్ ఉన్న కాపీ చూడండి, ఇంగ్లీష్ డబ్బింగ్ దొరికినా వద్దు, ఎందుకంటే ఈ సినిమాలో గొంతు ముఖ్యం, ఒక మనిషి గొంతు విని నువ్వు ఫలానా అని నమ్మడమే కదా ఇక్కడ గొడవ, ఆ గొంతు ఇంకెవరిదో అయితే ఇక ఏం చూస్తాం. రెండు గంటల సినిమా, ఫోన్ పక్కన పెట్టి ఒకే బిగిన చూడాలి.

పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి

సగం మంది ఆపేసేది ఇక్కడే, పేర్లు నోరు తిరగక. ఆరు పేర్లు చాలు. మార్టిన్ గెర్, వెళ్ళిపోయిన వాడు, ఫ్రెంచ్‌లో మార్తాఁ అని వినిపిస్తుంది. బెర్త్రాండ్, వాడి భార్య. పియెర్ గెర్, మార్టిన్ చిన్నాన్న, పొలం వ్యవహారమంతా ఈయన చేతిలో. సాన్సి, కొడుకు. ఆర్నో ద్యు తిల్, ఈ పేరు కథ మధ్యలో వస్తుంది, పక్క ప్రాంతం సాజా అనే ఊరివాడు, వాడికి ఊళ్ళో పన్సెత్ అని ఎగతాళి పేరు, బొజ్జోడు అన్నట్టు. ఆరోది జాఁ ద కోరాస్, తులూజ్ కోర్టు జడ్జి, పుస్తకం రాసిన ఆయన. ఊరి పేరు అర్తిగా.

చిన్నాన్న విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి, మార్టిన్ వెళ్ళిపోయాక, మార్టిన్ నాన్న కూడా పోయాక, ఈ పియెర్ వెళ్ళి బెర్త్రాండ్ వాళ్ళ అమ్మని పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడా అప్పటికి వితంతువే. అంటే బెర్త్రాండ్‌కి మామగారి తమ్ముడు కాస్తా మారు తండ్రి అయ్యాడు. ఒకే ఇల్లు, ఒకే గాదె, ఒకే లెక్కల పుస్తకం. మన ఊళ్ళల్లో దాయాదుల తగాదాలు చూసినవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు, మిగతా సినిమా ఎటు పోతుందో వాసన పట్టేస్తారు.

ఊరి గురించి ఐదు నిమిషాలు

అర్తిగా అంటే పిరనీస్ కొండల దిగువన, లెజ్ అనే చిన్న ఏటి ఒడ్డున ఉన్న పల్లె, ఆ రోజుల్లో అరవై డెబ్బై కుటుంబాలు. గోధుమ, జొన్నలాంటి చిరుధాన్యం, ద్రాక్ష, గొర్రెలు, మేకలు. మార్టిన్ వాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు, వలస వచ్చినవాళ్ళు. 1527లో స్పెయిన్ సరిహద్దు దగ్గరి హెండాయ్ అనే సముద్రతీరం ఊరి నుంచి, బాస్క్ అనే వేరే జాతి వాళ్ళు, వేరే భాష వాళ్ళు, మూడు వారాల నడక దూరం నుంచి వచ్చి ఇక్కడ పొలం కొని పెంకుల బట్టీ పెట్టుకుని నిలదొక్కుకున్నారు. ఇంటి పేరు కూడా దాగెర్ నుంచి గెర్ అని ఊరికి తగ్గట్టు మార్చుకున్నారు. పొట్ట చేత పట్టుకుని ఇంకో జిల్లాకో ఇంకో దేశానికో వెళ్ళి యాస మార్చుకున్న ఇళ్ళు మనకేమన్నా తక్కువా, అందుకే నాకు ఈ ముక్క బాగా పట్టుకుంటుంది.

పెళ్ళినాటికి మార్టిన్‌కి పద్నాలుగేళ్ళు, ఆ పిల్ల ఇంకా చిన్నది. ఎనిమిదేళ్ళపాటు వాళ్ళ కాపురం కాపురం కాలేదు, ఎవరో చేతబడి చేశారన్నారు, పూజలు చేయించారు, చివరికి కొడుకు పుట్టాడు. కొడుకు పుట్టిన కొద్ది నెలలకే, 1548లో, మార్టిన్ తన తండ్రి గాదెలోంచే కొంచెం ధాన్యం దొంగిలించాడని నింద పడింది. బాస్క్ వాళ్ళలో ఇంట్లో దొంగతనం అంటే తల తీసేసినంత పరువు తక్కువ. వెళ్ళిపోయాడు.

ఇప్పుడు బెర్త్రాండ్ పరిస్థితి ఆలోచించండి, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, మొగుడు ఉన్నాడో పోయాడో తెలీదు. మన చట్టంలో ఏడేళ్ళు మనిషి అయిపు లేకపోతే చనిపోయినట్టు భావించే వీలుంది, కానీ అప్పటి వాళ్ళ మత చట్టంలో అదేం లేదు, ఇరవై ఏళ్ళు గడిచినా సరే చచ్చిపోయాడని రుజువు ఉండాలి, రుజువు లేకపోతే రెండో పెళ్ళి లేదు. భార్యా కాదు, వితంతువూ కాదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్ళల్లో గల్ఫ్‌కి వెళ్ళిన మనిషి నుంచి ఫోన్లు ఆగిపోయిన ఇల్లు మీకు తెలిసి ఉంటే ఆ ఇంటి గడప దగ్గర కూర్చున్న ఆవిడని ఒకసారి తలుచుకుని అప్పుడు సినిమా మొదలుపెట్టండి.

మొదటిసారి

మొదటిసారి ఏమీ చేయొద్దు. మధ్యలో ఆపి ఫోన్లో వెతకొద్దు, అసలోడా నకిలీనా అని పక్కవాళ్ళతో పందెం కాయొద్దు. ఒక్క పని మాత్రం చేయండి, మీరు ఎప్పుడు ఎటు మొగ్గారో మనసులో గుర్తుపెట్టుకోండి. వచ్చినవాడు ఊళ్ళో ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుస్తుంటే మీకు నమ్మకం కలుగుతుంది, ఆ నమ్మకం ఏ క్షణంలో కలిగింది, ఏ మాటకి పోయింది, మళ్ళీ ఏ మాటకి వచ్చింది. మీరూ ఆ ఊళ్ళో ఒక సాక్షి అయిపోతారన్నమాట. ఊరివాళ్ళు కూడా ఇంతే చేశారు, వాళ్ళ దగ్గర ఫోటో లేదు, కార్డు లేదు, వేలిముద్ర లేదు, అద్దం కూడా చాలా ఇళ్ళల్లో ఉండేది కాదు, ఎనిమిదేళ్ళ కిందటి మొహం గుర్తుతో ఇవాళ్టి గడ్డం మొహాన్ని పోల్చుకోవాలి.

కళ్ళకి అలవాటు పడటానికి పది నిమిషాలు పడుతుంది. ఇల్లంతా మసక, పొయ్యి వెలుతురే వెలుతురు, పాత చిత్రకారులు వేసిన పల్లె బొమ్మల్లా ఉంటుంది ఫ్రేమ్. బట్టలైతే నిజంగా పొలంలో నలిగినట్టే ఉంటాయి, ఆ కాస్ట్యూమ్స్‌కి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ పెంచకండి, ఆ చీకట్లోనే మొహాలు పోల్చుకోవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

సినిమా అయిపోయాక ఆ రాత్రి ఏమీ చదవకుండా పడుకోండి.

ఇక్కడ గీత గీస్తున్నా. ఇంకా చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోండి, చూసి రండి, ఇది ఎక్కడికీ పోదు. కింద అంతా విప్పి చెప్పేస్తా.

రెండోసారి, వాడిని వదిలేసి ఆవిడని చూడండి

వచ్చినవాడు ఆర్నో, మార్టిన్ కాదు. ఇప్పుడు మీకు తెలుసు. ఇప్పుడు మొదటినుంచి పెట్టి బెర్త్రాండ్‌ని మాత్రమే చూడండి, ఆవిడ ఫ్రేమ్‌లో ఉంటే మాట్లాడేది ఎవరైనా సరే మీ కళ్ళు ఆవిడ మీదే ఉండాలి. వాడు వచ్చిన రోజు ఆవిడ ఎంతసేపు తటపటాయించింది, ఏం విన్నాక ముందుకు కదిలింది, పక్కన ఎవరెవరున్నారు. కోర్టులో ప్రశ్న వాడిని అడుగుతుంటే జవాబు ఆవిడ మొహంలో ఎక్కడ కనపడింది.

మా అమ్మ గుంటూరు జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, సబ్‌టైటిల్స్ చదవలేదు కాబట్టి నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ చూపించా. సగంలోనే అంది, "పెళ్ళాం గుర్తుపట్టకపోవడం ఏందిరా, గుర్తుపట్టింది కాబట్టే ఊరుకుంది." నాకు నాలుగుసార్లు చూస్తేగానీ తట్టని మాట అది. ఆవిడకి తెలుసు, మొదటి రాత్రి కాకపోతే మర్నాడు, తెలిసి ఒప్పుకుంది, ఎందుకంటే పోయినవాడు పలకరించని మనిషి, వచ్చినవాడు పలకరించే మనిషి. ఈ అమ్మాయి తన బతుకులో మొదటిసారి తనే ఒకటి ఎంచుకుంది. అలా చూస్తే కోర్టు సీన్లన్నీ వేరే సినిమాలా మారిపోతాయి, ఇద్దరూ ఒకే కథని విడివిడి గదుల్లో ఒకేలా చెప్తుంటే, పెళ్ళినాటి రాత్రి సంగతులతో సహా, అది ఎంత సాధన చేస్తే వస్తుంది, ఏ రాత్రుళ్ళు కూర్చుని ఒకరికొకరు చెప్పుకున్నారు అని మీకు ఊహ మొదలవుతుంది. సినిమా ఆ రాత్రుళ్ళని మీ ఊహకే వదిలేస్తుంది.

కోరాస్ పుస్తకంలో ఒక చిన్న సంగతి ఉంది, వాడు వచ్చిన కొత్తలో ఆవిడ వెనకాడుతుంటే, నేను వెళ్ళేటప్పుడు పెట్టెలో పెట్టిన తెల్ల మేజోళ్ళు తెచ్చిపెట్టు అని అడిగాడట. అంతే, ఆవిడ కరిగిపోయింది. పెట్టెలో బట్ట సంగతి బయటివాడికెలా తెలుస్తుంది? అసలు మార్టిన్ దగ్గర విన్నాడా, స్నేహితుల దగ్గర విన్నాడా, లేక ఆ మేజోళ్ళ మాట తర్వాత ఇద్దరూ కలిసి కోర్టు కోసం అల్లుకున్నదా? రెండోసారి చూసేటప్పుడు ఇలాంటి ప్రతి గుర్తు దగ్గరా ఈ ప్రశ్న వేసుకోండి, ఇది వీడికి ఎవరు చెప్పి ఉంటారు అని.

తర్వాత పొలం లెక్క. వాడు బాగున్నన్నాళ్ళూ చిన్నాన్నకి వాడు సొంత అన్నకొడుకే, ఏ అనుమానమూ లేదు. వాడు కొన్ని చెక్కలు కౌలుకిచ్చి, కొన్ని అమ్మి, హెండాయ్‌లో ఉన్న పూర్వీకుల ఆస్తి కూడా బేరం పెట్టబోయి, చివరికి నేను లేని ఎనిమిదేళ్ళ ఆదాయం లెక్క చూపించు బాబాయ్ అని అడిగి, ఇవ్వకపోతే దావా వేశాడు చూడండి, అప్పుడు వచ్చింది అనుమానం. అమ్మ ఇక్కడ కూడా ఒకటే మాట, "లెక్కలడిగాడు, చెడింది." చిన్నాన్నకి డబ్బే ముఖ్యం, అనుమానం నాటకం అని కొట్టిపారేయకండి, ఆయన అనుమానం నిజమైంది కదా చివరికి. స్వార్థంతో మొదలుపెట్టిన మనిషి చెప్పింది నిజం, ప్రేమతో నిలబడిన మనిషి చెప్పింది అబద్ధం, ఈ చిక్కు దగ్గరే సినిమా నన్ను ఇప్పటికీ పట్టుకుని ఉంది.

మూడోది సాక్షులు. రియూ అనే ఊళ్ళో మొదటి విచారణకి దాదాపు నూట యాభై మందిని పిలిచారు, నలభై ఐదు మంది దాకా వీడు మార్టిన్ కాదన్నారు, ముప్పై నలభై మంది మార్టినే అన్నారు, అరవై మందికి పైగా ఏమో చెప్పలేం అన్నారు. చెప్పలేం అన్నవాళ్ళే ఎక్కువ. మార్టిన్ నలుగురు అక్కచెల్లెళ్ళూ మా అన్నే అని నిలబడ్డారు. చెప్పులు కుట్టే ఆయన వచ్చి మార్టిన్ పాదం పన్నెండు, వీడిది తొమ్మిది అని తన కొలత చెప్పాడు, పాదం పెరుగుతుందిగానీ తరుగుతుందా? నుదుటి మీద మచ్చ, చేతి మీద పులిపిర్లు, విరిగిన పళ్ళు, ఇలా ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. సినిమాలో ఊరివాళ్ళు సాక్ష్యం చెప్పే సీన్లు వచ్చినప్పుడు మాట కన్నా, వాళ్ళు మాట్లాడే ముందు ఎవరి వైపు చూశారో చూడండి. చిన్నాన్నకి అప్పు ఉన్నవాడు ఎటు, ఈ కొత్త మార్టిన్ దగ్గర కౌలు చేసేవాడు ఎటు.

సినిమా ఎక్కడ చరిత్ర, ఎక్కడ కాదు

ఈ సినిమాకి సలహాదారుగా పనిచేసింది నటలీ జెమన్ డేవిస్ అనే చరిత్రకారిణి, అప్పట్లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. కోరాస్ పుస్తకం చదవగానే ఇది సినిమా అవ్వాలి అనుకుందట, తీరా చూస్తే అప్పటికే విన్యె, రచయిత జాఁ క్లోద్ కారియెర్ అదే పనిలో ఉన్నారు, వాళ్ళతో కలిసింది. ఈ కారియెరే తర్వాత ఇంగ్లీషు నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ కోసం మహాభారతాన్ని నాటకంగా రాసినాయన, 1985లో ఆడారు, తెలుగువాళ్ళకి ఆయన్ని పరిచయం చేయాలంటే అదే చెప్పాలి.

సినిమా పూర్తయ్యాక డేవిస్‌కి తృప్తి కలగలేదు. సినిమా వదిలేసినవి ఆవిడ మనసులో ఉండిపోయాయి, బాస్క్ వలస సంగతి పోయింది, అప్పుడప్పుడే పల్లెల్లోకి వస్తున్న ప్రొటెస్టెంట్ మతం సంగతి పోయింది, బెర్త్రాండ్ ఆడిన రెండువైపుల ఆట, జడ్జి మనసులోని తగువు మెత్తబడిపోయాయి అని ఆవిడే రాసింది. రాసి, 1983లో అదే పేరుతో చిన్న పుస్తకం తెచ్చింది. రెండోసారి సినిమా చూశాక ఆ పుస్తకం చదవండి, ముందు వద్దు. నేను పైన చెప్పిన బాస్క్ సంగతులు సినిమాలో కనపడవు కాబట్టే ముందే చెప్పా, అవి తెలిసి చూస్తే బాగా అందుతుంది, ఎందుకంటే నిజంగా జరిగిన విచారణలో ఒక మంచి ప్రశ్న అదే, మార్టిన్ బాస్క్ ఇంట్లో పుట్టాడు కదా, మరి వీడికి బాస్క్ ఒక్క ముక్క రాదేం అని.

బెర్త్రాండ్‌కి తెలుసు అని ఆ పుస్తకంలో డేవిస్ అన్నదానికి ఎదురు వాదం కూడా ఉంది. 1988లో రాబర్ట్ ఫిన్లే అనే చరిత్రకారుడు అమెరికన్ హిస్టారికల్ రివ్యూ అనే పత్రికలో గట్టిగా రాశాడు, బెర్త్రాండ్‌కి తెలుసు అనడానికి కాగితాల్లో ఆధారం లేదు, పాపం ఆవిడ మోసపోయింది అంతే, డేవిస్ తన కాలం ఊహల్ని ఆ పల్లెటూరి అమ్మాయికి అంటగట్టింది అని. డేవిస్ అదే సంచికలో జవాబిచ్చింది. రెండూ చదివాక కూడా నేను డేవిస్ వైపే, మా అమ్మ వైపే. కానీ ఫిన్లే అడిగింది న్యాయమైన ప్రశ్న, కాగితం ఎక్కడ ఆగిందో ఊహ ఎక్కడ మొదలైందో చెప్పాలి కదా అన్నది. ఆ ప్రశ్న మనం తీసే చారిత్రక సినిమాల్ని అడిగితే ఎన్ని నిలబడతాయో.

చరిత్రలో చివరి రోజులు ఇలా నడిచాయి. రియూ కోర్టు తల తీయమని తీర్పిచ్చింది, వాడు తులూజ్ పెద్ద కోర్టుకి అప్పీలు చేసుకున్నాడు. అక్కడ కోరాస్ వాడిని అడిగినవన్నీ అడిగాడు, వాడి జ్ఞాపకశక్తికి బిత్తరపోయాడు, ఇలాంటి అనుమానపు కేసులో నిర్దోషిని శిక్షించేకన్నా దోషిని వదిలేయడం మేలు అనే పాత న్యాయసూత్రం వైపు మొగ్గాడు, వాడు బయటపడబోతున్నాడు. అప్పుడు 1560 జులై చివర్లో కర్ర కాలుతో ఒక మనిషి వచ్చాడు. అసలు మార్టిన్. స్పెయిన్‌కి పోయి, బర్గోస్‌లో ఒక కార్డినల్, అంటే పెద్ద మతగురువు, ఇంట్లో పనికి కుదిరి, స్పెయిన్ రాజు సైన్యంలో సొంత దేశం ఫ్రాన్స్ మీదే యుద్ధానికి వచ్చి, 1557లో సాఁ కాంతాఁ దగ్గర తుపాకీ దెబ్బకి కాలు పోగొట్టుకున్నాడు. విచిత్రం ఏంటంటే, కోర్టులో పాత సంగతులు అడిగితే అసలోడి కన్నా నకిలీవాడికే ఎక్కువ గుర్తున్నాయి. అసలోడు వదిలేసి వెళ్ళిన బతుకు అది, మరిచిపోయాడు. నకిలీవాడు కావాలని నేర్చుకున్నది, ఎలా మరుస్తాడు.

అక్కచెల్లెళ్ళు వచ్చి అసలోడిని కావలించుకున్నారు. బెర్త్రాండ్ వణుకుతూ కాళ్ళ మీద పడి ఏడ్చింది. అక్కచెల్లెళ్ళ దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్న మార్టిన్ భార్య దగ్గర మాత్రం కరగలేదు, వాళ్ళు పొరబడితే పడ్డారు, భార్యవి నీకు తెలియకపోవడం ఏంటి, ఈ ఇంటికి పట్టిన గతికి నువ్వే కారణం అన్నాడు. ఎనిమిదేళ్ళు కాదు పన్నెండేళ్ళు వదిలేసి పోయిన మనిషి. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది ఇక్కడ.

సెప్టెంబర్ 12న తీర్పు, 16న అర్తిగాలో మార్టిన్ ఇంటి ముందే ఉరి. ఉరికి ముందు ఆర్నో అంతా ఒప్పుకున్నాడు, మార్టిన్ స్నేహితులిద్దరు దారిలో తనని చూసి మార్టిన్ అనుకుని పలకరించారట, అక్కడ పుట్టింది ఆలోచన. కోర్టు బెర్త్రాండ్‌ని శిక్షించలేదు. వాళ్ళకి పుట్టిన కూతురు బెర్నార్డ్‌ని, తల్లి మంచి మనసుతో నమ్మి కన్నది కాబట్టి, సక్రమ సంతానమే అని తేల్చి, ఆర్నో ఆస్తి ఆ పాపకి రాసింది. అంటే కోర్టు బెర్త్రాండ్‌కి తెలియదు అనే నమ్మింది, లేదా నమ్మినట్టు రాసింది, పాప కోసం. కోరాస్ సంగతి కూడా తెలుసుకోండి, పన్నెండేళ్ళ తర్వాత, 1572లో, ప్రొటెస్టెంట్ అయినందుకు ఆయన్ని అదే తులూజ్‌లో చంపేశారు.

నలుగురితో కలిసి చూస్తే

ఇది ఒక్కరే చూసేకన్నా ఎనిమిది పదిమంది కలిసి చూస్తే ఎక్కువ అందుతుంది, ఊరు కావాలి దీనికి. మేం ఒకసారి ఇంట్లో గోడ మీద ప్రొజెక్టర్ వేసి పదకొండు మందికి చూపించాం. తులూజ్‌లో వాదనలన్నీ అయిపోయి, కొత్త మనిషి కోర్టులోకి రాకముందు ఆపేయండి. ఆ చోటు ముందే చూసి నిమిషం రాసిపెట్టుకోండి, లేకపోతే చేయి ఆలస్యమై అంతా చెడుతుంది. లైట్ వేసి తలా ఒక చీటీ ఇవ్వండి, రెండు ప్రశ్నలు, వీడు మార్టినేనా, నువ్వు జడ్జివైతే వదిలేస్తావా ఉరి తీస్తావా. పేర్లు రాయొద్దని చెప్పండి. మా దగ్గర ఎనిమిది మంది మార్టినే అని రాశారు, కాదు అన్న ముగ్గురిలో ఇద్దరు అయినా సరే వదిలేస్తాం అని రాశారు. ఆ చీటీలు అప్పుడే చదవకుండా ఒక గిన్నెలో వేసి సినిమా కొనసాగించండి, అయిపోయాక చదవండి. కథ తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉంటే ముందే పక్కకి పిలిచి నోరు మెదపొద్దని గట్టిగా చెప్పండి.

చర్చలో మాట ఆగిపోతే భవాల్ సన్యాసి కేసు పెట్టండి. మన దేశంలో జరిగింది, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర. భవాల్ జమీందారీ రెండో కుమారుడు 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడన్నారు, పన్నెండేళ్ళ తర్వాత ఒక సన్యాసి నేనే ఆయన్ని అని బయటపడ్డాడు. 1930లో దావా, వెయ్యి మందికి పైగా సాక్షులు, 1936లో సన్యాసి గెలిచాడు, కలకత్తా హైకోర్టులో గెలిచాడు, 1946లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో కూడా గెలిచి, కొద్ది రోజులకే పోయాడు. అక్కడ అన్ని కోర్టులూ నువ్వే వాడివి అన్నాయి, భార్య మాత్రం చివరిదాకా కాదంది. అర్తిగాలో భార్య అవునంది, కోర్టు కాదంది. ఈ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టి భార్య మాటకి ఎంత విలువ ఇవ్వాలి అని అడగండి, తెల్లారేదాకా మాట్లాడతారు.

ఇంకా తెలివైనవాళ్ళెవరన్నా ఉంటే మాంటేన్ సంగతి చెప్పండి. ఫ్రెంచ్ వ్యాసకర్త, అదే కాలం మనిషి, ఈ కేసు మీద 1588లో రాశాడు, ఇంత అనుమానం ఉన్న కేసులో ఉరి వేయడం చాలా సాహసం, పూర్వం ఏథెన్స్ జడ్జిలు చేసినట్టు వందేళ్ళ తర్వాత రండి అని వాయిదా వేయాల్సింది అని. మా ఇంట్లో ఈ మాట చెప్పగానే ఒకాయన లేచి, మన కోర్టుల్లో పొలం కేసులు నడిచేది అలాగే కదా అన్నాడు, ఆయనకి ముప్పై ఏళ్ళ నుంచి నడుస్తున్న సరిహద్దు తగాదా ఉంది, ఇక అక్కడినుంచి మాట సినిమా మీద నుంచి ఆయన పొలం మీదకి పోయింది, పోనివ్వండి, ఈ సినిమా దాని గురించే కదా.

చీటీలు పారేయకండి. ఏడాది తర్వాత అదే జనాన్ని పిలిచి అదే సినిమా వేసి, ఈసారి ఒకే ప్రశ్న ఇవ్వండి, బెర్త్రాండ్‌కి ఎప్పుడు తెలిసింది అని.